గేలం కట్టడం: ముడి జారకుండా, దారం తెగకుండా

పెద్ద చేప పట్టి లాగి, దారం ఒక్కసారిగా తేలికైపోయి గేలం లేకుండా తిరిగొస్తే ముందు ఆ దారం కొస చూడండి. ఏం తప్పు జరిగిందో ఆ కొసే చెబుతుంది. పందితోకలా సుడి తిరిగి ఉంటే దారం తెగలేదు, ముడి జారింది. చుట్లు చాలలేదో, బిగింపు చాలలేదో అయివుంటుంది. కొస తెల్లగా పాలిపోయి గోటికి గరుగ్గా తగిలితే ముడి బిగించేటప్పుడే పొడి దారం రాపిడికి వేడెక్కి చచ్చుబడిందన్నమాట. బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంటే గేలం తల అంచైనా కోసి ఉండాలి, చేప పళ్లైనా కోసి ఉండాలి. గేలం తిరిగొచ్చి, దాని వంపు మాత్రం సాగిపోయి ఉంటే ముడి బాగానే ఉంది, చేపకు తగ్గ గేలం కాదు.

ఇచ్ఛాపురం దగ్గర బహుదా, బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగల్లో ఒకే రోజు ఒకే చోట జెల్ల పడొచ్చు, పండుగప్పా పడొచ్చు. జెల్లకి కట్టిన సన్న దారానికి పండుగప్ప తగిలినప్పుడు దాన్ని ఒడ్డుకి చేర్చేదీ పోగొట్టేదీ ఎక్కువగా ముడే. దారం డబ్బా మీద ఎనిమిది కిలోల బలం అని రాసి ఉన్నా ఆ బలం ముడి లేని దారానిది. చక్కగా కట్టిన ముడికి అందులో పది వంతుల్లో ఎనిమిదో తొమ్మిదో మిగులుతుంది. గాలికి దారంలో తనంతట తానే పడిన ఒంటి ముడి దగ్గర సగానికి పడిపోతుంది. అందుకే దారం నడుమ చిన్న ముడి కనిపిస్తే విప్పుతూ కూర్చోకండి. అక్కడికి కోసేసి మళ్లీ కట్టండి.

గేలం, దారం

గేలానికి కాడ, వంపు, మొన, మొన వెనక ఎదురు ముల్లు ఉంటాయి. తల దగ్గరే తేడా. కొన్నిటికి కన్ను ఉంటుంది. కొన్నిటికి కన్ను ఉండదు, కాడ చివర సుత్తితో కొట్టినట్టు చదునుగా ఉంటుంది. ఈ రెండో రకాన్ని చదును తల గేలం అందాం. ధర తక్కువ, ఎరలో సన్నగా ఇమిడిపోతుంది. సన్న గేలాల్లో ఇవి ఎక్కువగా దొరుకుతాయి. దారం దూర్చడానికి దీనికి రంధ్రం లేదు కాబట్టి కాడ చుట్టూ చుట్టే కట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నంబర్ల లెక్క మొదట తికమక పెడుతుంది. 12, 10, 8, 6, 4, 2, 1 అని నంబరు తగ్గేకొద్దీ గేలం పెద్దదవుతుంది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అని నంబరు పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. చెరువుల్లో, కాలువల్లో చిన్న జెల్లలకి 10 లేదా 8 నంబరు గేలం, 0.20 నుంచి 0.25 మి.మీ. దారం సరిపోతాయి. శీలావతి, బొచ్చెలకి 4 నుంచి 1 దాకా, 0.35 మి.మీ. దారం. కొర్రమీనుకి 1/0 నుంచి 3/0 దాకా, దారం 0.45 మి.మీ.కి తగ్గకుండా చూసుకోండి. అది తగలగానే గుర్రపుడెక్కలోకో తూటి పొదల్లోకో దూరిపోతుంది, సన్న దారంతో బయటికి లాగలేరు. వాలుగకీ మొగల్లో పండుగప్పకీ 4/0 నుంచి 6/0 దాకా గేలం, 0.60 మి.మీ. దారం కావాలి. పండుగప్ప పళ్లు కోయవు గానీ దాని చెంప మీది ఎముక అంచు కత్తిలా ఉంటుంది. గేలానికి పైన ఉన్న రెండు మూడు అడుగుల దారం దానికే తెగుతుంది.

గేలాలు కొనేటప్పుడు ప్రతి పొట్లంలోంచి రెండు తీసి చూడండి. కన్ను గేలమైతే కన్ను రింగు పూర్తిగా మూసుకుని ఉండాలి. సందు ఉంటే సన్న దారం అందులో ఇరుక్కుని తెగుతుంది. చదును తల గేలమైతే ఆ చదును అంచుల్ని బొటనవేలి గోటి మీద గీసి చూడండి. గోరు చెక్కుకుపోయిందంటే దారమూ చెక్కుకుపోతుంది. అలాంటివి పారెయ్యనక్కర్లేదు, 400 నంబరు నీటి సాండ్ పేపరు ముక్కతో నాలుగుసార్లు రుద్దితే అంచు చస్తుంది. మొన పదును చూడటానికి గేలాన్ని గోటి మీద ఏటవాలుగా పెట్టి మెల్లగా లాగండి. గోరు పట్టుకుని ఆగితే పదునుంది. జారిపోతే చిన్న ఆకురాయితో పదును పెట్టాలి, ఎప్పుడూ వంపు నుంచి మొన వైపే రాయాలి.

మామూలు పనికి ఒంటిపోగు నైలాన్ దారమే మేలు. కొద్దిగా సాగుతుంది, ముడి బాగా కూర్చుంటుంది. అల్లిన దారం అదే లావులో చాలా బలంగా ఉంటుంది గానీ సాగదు, పైగా నున్నగా ఉండి జారిపోతుంది. దానితో కట్టేటప్పుడు ఏ ముడికైనా మూడు నాలుగు చుట్లు ఎక్కువ వెయ్యాలి. నైలాన్‌కి ఎండ శత్రువు. కొట్టు ముందు ఎండలో వేలాడిన చుట్ట కొనకండి. ఇంట్లో అయినా కిటికీ దగ్గర కాకుండా పెట్టెలో ఉంచండి.

చేతిలో ఏముండాలి

పెద్ద సామాను అక్కర్లేదు. గోళ్లు కత్తిరించే కట్టరు ఒకటి కావాలి, నైలాన్‌ని ముడికి దగ్గరగా శుభ్రంగా కత్తిరించడంలో కత్తెర దానికి సాటి రాదు. పళ్లతో కొరికితే కొస చితికి, ఎంత మిగిలిందో కనపడదు. సన్న ముక్కు పట్టకారు ఒకటి. గేలాన్ని తగిలించి ముడి బిగించడానికి చెక్కలో దిగగొట్టిన రెండంగుళాల మేకు ఒకటి. గేలాన్ని వేళ్లతో పట్టుకుని బలంగా లాగడమంటే మొనని అరచేతిలోకి పిలుచుకోవడమే.

గేలాలు కట్టే చిన్న పరికరాలూ దొరుకుతాయి. చేతివి కొన్ని, బ్యాటరీతో తిరిగేవి కొన్ని. అన్నిటి పనీ ఒకటే: గేలాన్ని పట్టి ఉంచడం, దారాన్ని కాడ చుట్టూ ఒకదాని పక్కన ఒకటి పడేలా చుట్టడం. 14, 16 నంబరు సన్న గేలాలు వందల్లో కట్టాలన్నా, వేళ్లు వణికే పెద్దవాళ్లు కట్టాలన్నా అవి నిజంగా ఉపయోగమే. 6 నంబరు కంటే పెద్ద గేలాలకి వాటి మీద డబ్బు పెట్టొద్దు. ఖాళీ అయిన బాల్‌పెన్ రీఫిల్ ఆ పని చేస్తుంది. రెండంగుళాల ముక్క కోసి, లోపలి ఇంకు కిరోసిన్‌తో కడిగి, తర్వాత సబ్బు నీళ్లతో కడగండి. కిరోసిన్ వాసన దారానికి పట్టకూడదు.

చదును తల గేలం: చేత్తో

దారం అడుగున్నర దగ్గర పెట్టుకోండి. గేలాన్ని ఎడమచేతి బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య వంపు దగ్గర పట్టండి. తల కుడివైపుకి, మొన మీ వైపుకి ఉండాలి.

దారం చివరి జానెడు మడిచి ఉచ్చు చెయ్యండి. ఆ ఉచ్చుని కాడ వెంట, మొన ఉన్న వైపే పరచండి. ఉచ్చు మడత వంపు దగ్గరికి రావాలి, రెండు పోగులూ తల వైపు ఉండాలి. ఒక పోగు పైకి పోయే అసలు దారం, రెండోది చుట్టాల్సిన కొస.

ఇప్పుడు కొసని తల దగ్గర మొదలుపెట్టి, కాడనీ రెండు పోగుల్నీ కలిపి వంపు వైపుకి చుట్టుకుంటూ రండి. మొదటి చుట్టు తలకి ఒక బియ్యపు గింజంత దూరంలో పడాలి. ప్రతి చుట్టూ ముందు చుట్టుని ఆనుకుని పడాలి, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకూడదు. ప్రతి చుట్టు పడగానే దాన్ని ఎడమచేతి బొటనవేలి కింద అదుముకోండి. వేలి కింద చుట్లు సన్న స్ప్రింగులా, మెట్లుమెట్లుగా తగులుతాయి. ఎక్కడైనా గడ్డలా తగిలితే చుట్టు ఎక్కిందని అర్థం, అక్కడిదాకా విప్పండి. 0.25 మి.మీ. దారానికి ఎనిమిది చుట్లు, 0.40 మి.మీ.కి ఏడు, 0.60 మి.మీ.కి ఐదు చాలు. లావు దారానికి ఎక్కువ చుట్లు వేస్తే బిగియదు.

చుట్లు పూర్తయ్యాక కొసని వంపు దగ్గరున్న ఉచ్చులోంచి దూర్చండి. చుట్ల మీది వేలు తియ్యకుండానే అసలు దారాన్ని మెల్లగా లాగండి. ఉచ్చు చిన్నదవుతూ వచ్చి కొసని పట్టేస్తుంది. ఇక్కడ ఆగి ముడిని నోట్లో పెట్టి తడపండి, లేదా నీళ్లలో ముంచండి. ఈ ఒక్క పనీ ఎగ్గొట్టొద్దు. పొడి నైలాన్ బిగిసేటప్పుడు పుట్టే వేడి క్షణకాలమే అయినా దారం పైపొరని చెడగొడుతుంది. పైకి ముడి అందంగానే ఉంటుంది, చేప తగిలినప్పుడే బయటపడుతుంది.

తడిపాక ముడిని గోటితో తల దాకా జరపండి. గేలాన్ని మేకుకి తగిలించి ఒక చేత్తో అసలు దారాన్నీ, పట్టకారుతో కొసనీ ఒకేసారి లాగండి. కుదుపు వద్దు, నిలకడగా లాగండి. చుట్లన్నీ దగ్గరకి చేరి కాడ మీద కదలకుండా కూర్చోవాలి. కొస మూడు మి.మీ. వదిలి కత్తిరించండి.

చివరగా చూడాల్సింది, చాలామంది చూడనిది ఇది: అసలు దారం చదును తలకి ఏ వైపు నుంచి పైకి పోతోంది? మొన ఉన్న వైపు నుంచే పోవాలి. తల వెనక వైపుకి జారిందంటే లాగినప్పుడల్లా దారం ఆ చదును అంచు మీద ఒరుసుకుంటుంది, గేలం కూడా చేప నోట్లో తిన్నగా నిలబడదు. ముడి బిగియకముందైతే దారాన్ని వేలితో ముందుకి తిప్పొచ్చు. బిగిశాక తిప్పడానికి ప్రయత్నించకండి, కోసి మళ్లీ కట్టండి.

రీఫిల్‌తో

ఉచ్చు పట్టుకోవడం కష్టమైనవాళ్లకి ఇది తేలిక. అసలు దారాన్ని కాడకి మొన వైపున, రీఫిల్ ముక్కని కాడ వెనక వైపున ఉంచి కలిపి పట్టుకోండి. రీఫిల్ రెండు చివర్లూ కాడకి అటూ ఇటూ బయటికి ఉండాలి. దారాన్ని వంపు దాకా తీసుకెళ్లి అక్కణ్నుంచి వెనక్కి తిప్పి, కాడనీ రీఫిల్‌నీ దారాన్నీ కలిపి తల వైపుకి ఏడు చుట్లు చుట్టండి. ఇప్పుడు కొస తల దగ్గరుంది. దాన్ని రీఫిల్‌లోకి తల వైపు నుంచి దూర్చి వంపు వైపు బయటికి తియ్యండి. చుట్లని వేళ్లతో అదిమి పట్టి రీఫిల్‌ని వంపు వైపుకి, కొస వెంటే జార్చి తీసెయ్యండి. తర్వాత తడపడం, జరపడం, బిగించడం మామూలే. రీఫిల్ తీసేటప్పుడు చుట్లు వదులవడం సహజం, భయపడక్కర్లేదు. ముందు కొసని మెల్లగా లాగి చుట్లని సర్దితే సరిపోతుంది. 0.50 మి.మీ. కంటే లావు దారానికి ఈ పద్ధతి వాడకండి, రీఫిల్ తీశాక మిగిలే ఖాళీని లావు దారం సరిగ్గా పూడ్చుకోదు.

కన్ను గేలానికి

రెండు ముడులు చాలు. పది నేర్చుకుని సగం సగం కట్టడం కంటే రెండు చీకట్లో కూడా కట్టగలగడం మేలు.

మొదటిది జంట దారపు ముడి. దారం చివర జానెడు మడిచి, ఆ మడతని కన్నులోంచి దూర్చండి. జంట దారంతోనే వదులుగా ఒక ఒంటి ముడి వెయ్యండి, గేలం కింద వేలాడుతుంటుంది. మడత ఉచ్చుని పెద్దది చేసి గేలం మొత్తాన్నీ అందులోంచి దాటించండి. తడిపి, అసలు దారాన్నీ కొసనీ కలిపి లాగండి. ఉచ్చు కన్ను పైకి వచ్చి కూర్చోవాలి. కన్ను కిందే కాడ మీద ఆగిపోతే ముడి బలం తగ్గుతుంది. పోగులు ఒకదాన్నొకటి అడ్డంగా దాటకుండా చూసుకోండి. నైలాన్‌కీ అల్లిన దారానికీ ఇదే మొదట నేర్చుకోవాల్సింది. మడత దూరనంత చిన్న కన్నుకి మాత్రం పనికిరాదు.

అలాంటప్పుడు మెలి ముడి. దారం కన్నులోంచి దూర్చి, కొసని అసలు దారం చుట్టూ ఐదుసార్లు మెలివెయ్యండి. 0.40 మి.మీ. దాటితే నాలుగు చాలు. తర్వాత కొసని కన్ను పక్కనే ఏర్పడిన మొదటి చిన్న ఉచ్చులోంచి దూర్చండి, అలా దూర్చినప్పుడు ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మళ్లీ దూర్చండి. ఈ రెండో దూర్పు మరిచిపోయినా పందితోక కొస వస్తుంది. తడిపి, అసలు దారాన్నే లాగండి, కొసని లాగితే మెలికలు చెదురుతాయి.

గుండ్రటి గేలాలు, అంటే మొన కాడ వైపుకి తిరిగి ఉండేవి, సముద్రపు గేలాల తాళ్లకి వాడేవాళ్లు వాటిని కాడ చుట్టూ చుట్టే ముడితోనే కట్టాలి. దారం కన్నులోకి మొన వైపు నుంచి వెళ్లాలి. అప్పుడు దారం బిగిసినప్పుడు గేలం తిరిగి చేప మూతి మూలన పడుతుంది. వెనక నుంచి దూర్చి కడితే ఆ తిరుగుడు పోతుంది. ఈ గేలానికి తగలగానే గట్టిగా గుంజకూడదు, నిలకడగా లాగాలి. ఇవి లోపలికి మింగుడుపడటం తక్కువ. ఒడిశాలోని రుషికుల్య మొగకి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ నీళ్లలోనే తిరుగుతాయి కాబట్టి మన తీరంలో ఈ రకమే వాడమని గట్టిగా చెప్పాలి.

కోనెం, సొరలకి తీగ

కోనెం పళ్ల ముందు ఏ నైలాన్ ముడీ నిలవదు. గేలానికి పైన జానెడు నుంచి అడుగు దాకా స్టెయిన్‌లెస్ తీగ కావాలి. ఒంటి తీగ అయితే కన్నులోంచి దూర్చి, రెండు కాళ్లనీ ఒకదాని చుట్టూ ఒకటి సమానంగా, ఏటవాలుగా నాలుగైదు మెలికలు తిప్పండి. ఒక కాలు తిన్నగా ఉండి రెండోది దాని చుట్టూ తిరిగితే లాగినప్పుడు జారిపోతుంది. తర్వాత కొసని అసలు తీగకి నిలువుగా తిప్పి దగ్గరదగ్గరగా ఐదు చుట్లు వెయ్యండి. మిగిలిన ముక్కని కట్టరుతో కోయొద్దు, సూదిలాంటి మొన మిగిలి చేతిని చీలుస్తుంది. కొసని చిన్న పిడిలా వంచి, ముందుకీ వెనక్కీ ఊపితే చుట్టు దగ్గరే నున్నగా విరుగుతుంది.

పేట తీగకి, అంటే సన్న పోగులు పేనిన తీగకి, లోహపు గొట్టాలు వేసి నొక్కే పట్టకారుతో నొక్కాలి. గొట్టం మధ్యలో నొక్కండి, రెండు అంచులనీ వదిలెయ్యండి. అంచులు నొక్కితే అక్కడే తీగ తెగుతుంది.

గేలాల తాడుకి వరసగా

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం ఉన్న రోజుల్లో గేలాల తాడు కట్టే పని ముగించుకోవడం మంచిది. పెద్ద తాడుకి వరసగా వేలాడే కొమ్మ దారాలన్నీ ఒకే పొడవు ఉంటేనే తాడు చిక్కుపడదు. దానికి చెక్క మీద 50 సెం.మీ. ఎడంగా రెండు మేకులు దిగగొట్టండి. ముందు గేలం కట్టి దాన్ని ఒక మేకుకి తగిలించి, దారాన్ని రెండో మేకు దాకా లాగి, అక్కడ ఉచ్చు ముడి వెయ్యండి. ప్రతిదీ అచ్చు గుద్దినట్టు వస్తుంది. ఒక్కో ముక్క 75 సెం.మీ. కోసుకోండి, రెండు ముడులకీ మిగతా 25 పోతుంది. 50 గేలాలకి 37.5 మీటర్లు, అంటే 40 మీటర్ల దారం దగ్గర పెట్టుకుంటే చాలు.

పెద్ద తాడు మీద కొమ్మలకి మధ్య ఎడం కొమ్మ పొడవుకి రెట్టింపు కంటే ఎక్కువ ఉండాలి. 50 సెం.మీ. కొమ్మకి 1.2 మీటర్లు. సరిగ్గా మీటరు పెడితే పక్కపక్క గేలాలు ఒకదాన్నొకటి అందుకుంటాయి. కొమ్మ ఉచ్చు తాడు మీద జారకుండా దానికి రెండు పక్కలా తాడులో ముడి ఉండాలి.

పరీక్ష

ఒక బకెట్‌లో దారం బలంలో సగం నీళ్లు పోయండి. డబ్బా మీద ఎనిమిది కిలోలని ఉంటే నాలుగు లీటర్లు. గేలాన్ని బకెట్ పిడికి తగిలించి, దారాన్ని గుడ్డ చుట్టిన కర్రకి నాలుగు చుట్లు చుట్టి ఎత్తండి. మెల్లగా ఎత్తి నిమిషం ఆపండి, తర్వాత రెండంగుళాలు కుదపండి. కళ్లు, కాళ్లు దూరంగా ఉంచండి. నిలిస్తే ముడి నమ్మొచ్చు. కొత్త దారం, కొత్త రకం గేలం కొన్న ప్రతిసారీ ఒక్క ముడినైనా ఇలా చూడండి.

గేలం వేలిలోకి ఎదురు ముల్లు దాకా దిగితే వెనక్కి లాగకండి. దారం కోసేసి ఆసుపత్రికి వెళ్లండి, ధనుర్వాతం ఇంజెక్షన్ అడగండి.

ఉప్పునీటి వేట అయ్యాక గేలాలని మంచినీళ్లలో కడిగి, ఆరబెట్టి, థర్మోకోల్ ముక్కకి గుచ్చండి. తడి గేలాన్ని మిగతావాటితో కలిపి డబ్బాలో వేస్తే తెల్లారేసరికి అన్నిటికీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన కన్ను దారాన్ని ఆకురాయిలా తింటుంది.

పెద్ద చేప పడ్డ తర్వాత, అది ఒడ్డుకి వచ్చినా పోయినా, గేలం నుంచి పైకి మూరెడు దారాన్ని రెండు వేళ్ల మధ్య జార్చి చూడండి. ఎక్కడైనా గరుగ్గా తగిలితే అక్కడికి కోసి మళ్లీ కట్టండి. ఏమీ తగలకపోయినా ముడిని మాత్రం మార్చండి, ఒకసారి గట్టిగా సాగిన ముడి రెండో చేపకి అంత బలంగా ఉండదు.